పలకకు పన్నెండో అప్‌డేట్

రోజు 1

తెరచాప ట్రాలీ మధ్యాహ్నం రెండు గంటలకు నన్ను గవ్వలదిబ్బలో దింపింది. పాత రైలుకట్టకు రెండు వైపులా సముద్రమే. కట్ట మీద మిగిలిన పట్టాల వెంట గాలి ఉన్నంతసేపు ట్రాలీ నడుస్తుంది, గాలి పడిపోతే నిలబడిపోతుంది. మళ్లీ పదహారో రోజున వస్తానని నడిపేవాడు చెప్పి వెళ్లాడు.

కేంద్రం ఇచ్చిన కార్డులో పన్నెండో అప్‌డేట్ ఉంది. దాన్ని ఇక్కడి నీళ్ల గది టాబ్లెట్‌లో ఎక్కించడం నా పని. పదిహేనో రోజు సాయంత్రం వరకే గడువు. ఆ తర్వాత పాత వెర్షన్ చెబితే నీళ్ల యంత్రం తాళం తెరుచుకోదు. కేంద్రానికి పంపాల్సిన లాగ్ వేరే ఉంది. అందులో గడులు తక్కువ. ఇది నా కోసం రాసుకుంటున్నది.

ఊళ్లో రెండు వందల పన్నెండు మంది ఉన్నారు. అందరూ ఉప్పుమడుల మీద బతికేవాళ్లే. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రం ఒకటి, దాని తాళానికి కట్టిన టాబ్లెట్ ఒకటి. టాబ్లెట్‌ను ఇక్కడ పలక అంటారు. వేలు పెట్టిన మనిషిని అది గుర్తుపడితే పన్నెండు లీటర్లు వదులుతుంది. రోజుకు ఒక్కసారే.

పలక వయసు పందొమ్మిదేళ్లు. తెర మూల పగిలి, చేప జిగురుతో అతికించి ఉంది. ఒక్కొక్కరిని గుర్తుపట్టడానికి రెండు నుంచి నాలుగు నిమిషాలు తీసుకుంటోంది. వేడెక్కితే పూర్తిగా ఆగిపోతుంది. నీళ్ల గది చూసుకునే బంగారమ్మకు అరవై ఏళ్లుంటాయి. ఆమె పక్కన కూర్చుని విసనకర్రతో పలకకు విసురుతూ ఉంటుంది. తెల్లవారకముందు మొదలైన వరస సాయంత్రానికి గానీ అయిపోలేదు.

రోజు 2

కార్డు పెట్టి చూశాను. స్థలం చాలదని పలక చెప్పింది.

లోపల ఏముందో తెరిచి చూశాను. వేలు పెట్టే వయసున్నవాళ్లు నూట ఎనభై ఎనిమిది మంది. వాళ్ల పేరున తొమ్మిది వేల నాలుగు వందల వేలిముద్రలు ఉన్నాయి. మనిషికి ఒకటి ఉంటే చాలు. ఒక్క గవరయ్య అనే ఆయనకే మూడు వందల పదకొండు ఉన్నాయి. పలక నిదానం కావడానికి కారణం ఇదే. ఎవరు వేలు పెట్టినా అన్ని ముద్రలతోనూ పోల్చి చూసుకుంటోంది.

బంగారమ్మను అడిగాను. ఉప్పునీళ్లలో నానీ నానీ, చెక్కలతో ఉప్పు లాగీ లాగీ ఇక్కడి వాళ్ల వేళ్ల మీద గీతలు చెరిగిపోతాయట. ఎవరి వేలు కుదరకపోతే వాళ్లను ఆమె గట్టున కూర్చోబెట్టి, వేలికి చేప నూనె రాసి, ఎండలో ఆరబెట్టి, ఆ రోజు కనిపించిన గీతలను కొత్త ముద్రగా ఎక్కించేది. రేపు ఆ గీతలు మారిపోతే మళ్లీ ఇంకొకటి. పదేళ్లుగా అదే పని.

ఆమె తప్పు చేసినట్టు చెప్పలేదు. గొప్పగానూ చెప్పలేదు.

రోజు 4

కొత్త వెర్షన్ ఉన్న పరీక్ష టాబ్లెట్ ఒకటి నా దగ్గర ఉంది. దానికి తాళంతో సంబంధం లేదు, వేళ్లను మాత్రం చూడగలదు. వరసలో నిలబడ్డ వాళ్లందరి చేతా దాని మీద వేలు పెట్టించాను. కొత్త వెర్షన్ మనిషికి ఒకే ముద్ర దాచుకుంటుంది. మూడుసార్లు కుదరకపోతే ఆ రోజుకు ఆ పేరు మూసేస్తుంది.

నూట యాభై మందిని ఒక్క క్షణంలో గుర్తుపట్టింది. ముప్ఫై ఎనిమిది మందిని గుర్తుపట్టలేదు. ఆ ముప్ఫై ఎనిమిది మందీ యాభై దాటినవాళ్లే, ఎక్కువ కాలం మడుల్లో పనిచేసినవాళ్లు.

గవరయ్య వేలిని దగ్గరగా చూశాను. గులకరాయిలా నున్నగా ఉంది.

రోజు 7

కేంద్రంతో రేడియో మధ్యాహ్నం పది నిమిషాలే పలుకుతుంది. ముప్ఫై ఎనిమిది మంది సంగతి ఐదో రోజునే పంపాను. ఈ రోజు జవాబు వచ్చింది. గుర్తుపట్టలేని వారు ఇరవై శాతం, అనుమతించిన పరిమితి పాతిక శాతం, కనుక స్టేషన్ అప్‌డేట్‌కు అర్హమైనది, పని కొనసాగించండి. మిగిలిన వారు కేంద్రానికి వచ్చి కంటిపాప నమోదు చేయించుకోవచ్చు. ప్రస్తుతం నిరీక్షణ పద్నాలుగు నెలలు.

జవాబును బంగారమ్మకు చదివి వినిపించాను. పద్నాలుగు నెలలు వాళ్లు ఏం తాగాలని ఆమె అడిగింది. ఆ గడి జవాబులో లేదన్నాను.

అప్‌డేట్ చేయకపోతే ఎలా అని అడిగింది. అప్పుడు ముప్ఫై ఎనిమిది మందికి కాదు, ఎవరికీ నీళ్లు రావని చెప్పాను.

రోజు 8

ఈ రోజు పరీక్ష టాబ్లెట్‌లో కొత్త వెర్షన్ తెరలన్నీ బంగారమ్మకు నేర్పాను. నేను వెళ్లాక నడపాల్సింది ఆమే. పిల్లల తెర దగ్గర ఆమె నా చెయ్యి ఆపింది.

“సిన్నపిల్లలకి ఏలిముద్ర లేదు గదా. మరి ఆల్లకి నీల్లు ఎలాగిస్తాది?”

ఐదేళ్ల లోపు పిల్లలకు వేలు అడగదని, తల్లి వేలి మీదనో తండ్రి వేలి మీదనో నాలుగు లీటర్లు అదనంగా ఇస్తుందని చెప్పాను.

ఆమె తెర మీద ఒక గడిని వేలితో చూపింది. “పుట్టిన తేదీ ఎవులు రాత్తారు?”

“మీరే. నీళ్ల గది చూసుకునేవాళ్లు రాస్తారు.”

“సూడ్డానికి ఎవులైనా వొస్తారేటి?”

రారని చెప్పాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆమె తర్వాతి తెర చూపించమంది.

ఇది నేను ఆపగలిగిన చోటు. ఆపలేదని ఇక్కడ రాసుకుంటున్నాను.

రోజు 10

సాయంత్రం ఉప్పు కుప్పల దగ్గర ఊరంతా కూడింది. బంగారమ్మ విషయం చెప్పింది. వేళ్లు పలకని ముప్ఫై ఎనిమిది మందినీ వేళ్లు పలికేవాళ్లకు పిల్లలుగా రాస్తానంది. పెద్దలకు వచ్చే పన్నెండు లీటర్ల చోట వాళ్లకు నాలుగే వస్తాయి. మిగిలిన ఎనిమిది ఎక్కడినుంచి తేవాలన్నదే ప్రశ్న. వేళ్లు పలికే నూట యాభై మందీ తలా రెండు లీటర్లు ఒక ఉమ్మడి బానలో పోస్తే దాదాపు సరిపోతుంది.

వాదన చాలాసేపు నడిచింది. పాలిచ్చే తల్లులు రెండు లీటర్లు ఎలా వదులుతారని ఒకరు, మా ఇంట్లో అరిగిన వేళ్లు లేవు, మేమెందుకు ఇవ్వాలని ఇంకొకరు. రెండో మాట అన్నవాడి వైపు అతని భార్య చూసింది. అతను తన అరచేతులు తిప్పి చూసుకుని కూర్చున్నాడు. పాలిచ్చే తల్లులను మినహాయించారు.

ఆ తర్వాత ఎవరు ఎవరిని రాయించుకోవాలన్నది తొందరగానే తేలింది. కొడుకులు తండ్రులను, కోడళ్లు అత్తలను, పొరుగువాళ్లు పొరుగువాళ్లను తీసుకున్నారు. ముప్ఫై ఏడు పేర్లు అయ్యాయి. ముప్ఫై ఎనిమిదో పేరు గవరయ్య. ఆ పేరుకు ఎవరూ ముందుకు రాలేదు. గవరయ్య సమావేశానికి రాలేదు.

ఇంటికి నడుస్తూ బంగారమ్మ కారణం చెప్పింది. పదకొండేళ్ల కిందట యంత్రం సగం చెడిపోయి నీళ్లు చాలని కాలంలో అప్పటి నీళ్ల గది మనిషి కొందరికి రెండు పేర్ల మీద రెండుసార్లు నీళ్లిచ్చేవాడట. గవరయ్య ఆ సంగతి కేంద్రానికి రాశాడు. కేంద్రం విచారణ కోసం తొమ్మిది రోజులు తాళం వేసింది. ఏడో రోజున ఒక పసివాడు పోయాడు. ఆరు నెలల బిడ్డ. తల్లి పేరు చిలకమ్మ, బంగారమ్మకు చెల్లెలి కూతురు. ఆమెకు మళ్లీ పిల్లలు పుట్టలేదు. భర్త పడవ మీద వెళ్లి తిరిగి రాలేదు.

మీరైనా గవరయ్యను రాయించుకోవచ్చు కదా అన్నాను.

“నాను రాత్తే సిలకమ్మ మొగం సూడలేను. ఊర్లో అందరిదీ అదే మాట.”

రోజు 11

అప్‌డేట్ పూర్తి. నిన్న పట్టిన నీళ్లలోంచే అందరూ ఈ రోజుకూ కొంత దాచుకున్నారు, కాబట్టి వరస లేదు.

ముందు పాత ముద్రలు తీసేయాలి, మనిషికి ఒక్కటే మిగులుతుంది. తీసేయనా అని పలక ఒక్కసారే అడుగుతుంది. అవునని నొక్కమని బంగారమ్మకు చెప్పాను. ఆమె వేలు తెర మీద పెట్టడానికి కొంత సమయం పట్టింది. తొమ్మిది వేల ముద్రలు పోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ ఆమె అలవాటుగా విసనకర్రతో విసురుతూనే ఉంది.

అప్‌డేట్‌కు ఆరు గంటలు పట్టింది. అరవై ఒకటో శాతం దగ్గర నలభై నిమిషాలు నిలిచిపోయింది. మళ్లీ కదిలింది.

ఇప్పుడు పలక వేడెక్కడం లేదు.

రోజు 12

ఈ రోజు గవ్వలదిబ్బలో ముప్ఫై ఏడు జననాలు నమోదయ్యాయి.

వీళ్లలో పెద్దవాడు పెంటయ్య, డెబ్బై ఒక్క ఏళ్లు. రికార్డులో ఇప్పుడు ఆయన మనవరాలే ఆయనకు తల్లి, ఇరవై ఆరేళ్లు. ఆమె వేలు పెట్టి నీళ్లు పట్టి ఇస్తే ఆయన డబ్బా భుజాన పెట్టుకుంటూ, పెద్దయ్యాక నిన్ను సరిగ్గా చూసుకుంటానన్నాడు. వరసలో వాళ్లు నవ్వారు. పాత పేర్లను ఊరు విడిచి వెళ్లినట్టు రాశాం. ఐదేళ్ల తర్వాత పలక ఈ పిల్లలందరినీ మళ్లీ వేలు అడుగుతుంది. ఆ సంగతి నేను చెప్పాను. ఐదేళ్లు ఉన్నాయి కదా అన్నారు.

వరస మొత్తం నలభై నిమిషాల్లో అయిపోయింది. ఏం చేయాలో తెలియక జనం కాసేపు అక్కడే నిలబడ్డారు.

అందరూ వెళ్లాక గవరయ్య వచ్చాడు. పొడవైన మనిషి, కొద్దిగా వంగాడు. మూడుసార్లు వేలు పెట్టాడు. పలక మూడుసార్లు కాదంది. ఆయన డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

రోజు 13

గవరయ్య ఈ రోజు కూడా మూడుసార్లు పెట్టాడు, ఖాళీ డబ్బాతో వెళ్లాడు. ఆయన మళ్లీ కేంద్రానికి రాస్తాడని ఊళ్లో అనుకుంటున్నారు. పదహారో రోజున ట్రాలీతో పాటు ఉత్తరాలు వెళతాయి. జననాల సంగతి కేంద్రానికి తెలిస్తే తాళం మళ్లీ పడుతుంది. ఒకరిద్దరు నా దగ్గరకు వచ్చి ఉత్తరాల సంచి నేనే ఉంచుకోవాలని అడిగారు. అది నా పని కాదన్నాను.

మధ్యాహ్నం నా ప్రయాణపు వాటాలోంచి మూడు లీటర్లు తీసుకుని ఆయన పాక దగ్గరకు వెళ్లాను. బయట పొయ్యి మీద కుండలో సముద్రపు నీళ్లు మరుగుతున్నాయి. మూత కింద చేరిన చుక్కలను ఒక గిన్నెలోకి దించుతున్నాడు. అలా రోజుకు ఒకటి రెండు గ్లాసులు వస్తాయేమో. పెదవులు పగిలి ఉన్నాయి.

నేను తెచ్చిన నీళ్లు తీసుకోలేదు. అవి నీ వాటా అన్నాడు. ఎవరినైనా అడిగి పిల్లవాడిగా రాయించుకోవచ్చు కదా అన్నాను. తనను ఎవరూ పిలవలేదని, తాను ఎవరినీ అడగనని చెప్పాడు.

కేంద్రానికి రాస్తారా అని సూటిగానే అడిగాను.

ఆయన మూత ఎత్తి చూసి మళ్లీ పెట్టాడు. “ఒకపాలి రాసినాను. సాలు.”

ఎందుకు రాశారని అడగలేదు. ఆయనే చెప్పాడు. తన భార్య మంచాన పడి ఉండేదట. ఆయన ఆమెను కడిగి, తినిపించి వచ్చేసరికి వరస చివర నిలబడాల్సి వచ్చేది. ముందున్నవాళ్లు రెండేసి పేర్ల మీద పట్టుకుపోతే చివరివాళ్లకు యంత్రం ఎండిపోయేది. తాళం వేస్తారని ఆయన అనుకోలేదు. నీళ్ల గది మనిషిని మారుస్తారనుకున్నాడు.

“మా యింటిది తాలమేసిన ఐదోనాడు పోనాది. అది ఎవులికీ గుర్తు నేదు. ముసిల్ది గదా.”

నీళ్ల డబ్బాను పాక గుమ్మం దగ్గర వదిలి వచ్చాను. సాయంత్రానికి అది నా గది ముందు ఉంది, పెట్టినట్టే నిండుగా.

రోజు 14

ఈ రోజు గవరయ్య నీళ్ల గదికి వచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు కూర్చున్నాడు. జనం వరసలోంచి చూశారు. ఆయన మూడుసార్లు వేలు పెట్టి, గోడ పట్టుకుని కాసేపు నిలబడి వెళ్లాడు.

చిలకమ్మ కూడా వరసలో ఉంది. సన్నటి మనిషి, ముప్ఫై రెండేళ్లుంటాయి. ఇన్ని రోజుల్లో ఆమె గొంతు నేను వినలేదు. ఆమె వంతు రాగానే బంగారమ్మ ఆమెతో ఏదో చెప్పబోయింది. చిలకమ్మ వినకుండా డబ్బా నింపుకుని వెళ్లిపోయింది.

గవరయ్యను నా వేలి మీద రాసుకోవచ్చేమోనని నేను కూడా చూశాను. నాది తిరుగుడు అనుమతి, ఏ ఊళ్లోనూ నమోదు లేదు. పలక ఒప్పుకోలేదు. ఈ ప్రయత్నం కేంద్రం లాగ్‌లో రాయలేదు.

రోజు 15

గడువు రోజు. పొద్దున్నే తాళం కొత్త వెర్షన్‌ను సరిగ్గా వింటోందో లేదో చూశాను. వింటోంది. నా పని అధికారికంగా అయిపోయింది.

వరస సగం అయ్యేసరికి చిలకమ్మ వచ్చింది. వెనుక పది అడుగుల దూరంలో గవరయ్య. ఆమె ఆయన పాకకు వెళ్లి బయట నిలబడి, రమ్మని ఒక్క మాట అని వెనక్కి తిరిగిందట, ఆయన లేచి వెనుక నడిచాడట. చూసినవాళ్లు తర్వాత చెప్పారు. వరసలో వాళ్లు పక్కకు తప్పుకున్నారు.

ఆమె పలక మీద వేలు పెట్టింది. తెర మీద ఆమె పేరు వచ్చింది.

“రాయి పెద్దమ్మా,” అంది బంగారమ్మతో. “నా కొడుకని రాయి.”

బంగారమ్మ తెర దగ్గరనుంచి పక్కకు జరిగింది. ఆమె నా వైపు చూస్తే నేను ముందుకు వచ్చి పిల్లల తెర తెరిచాను. బిడ్డ పేరు గవరయ్య అని రాశాను. పుట్టిన తేదీకి ఈ రోజు తేదీ పెట్టాను. ఆ తర్వాతి గడి ఎన్నవ సంతానం అన్నది. ఇన్ని జననాల్లోనూ ఆ గడిలో ఏదో ఒక అంకె వేసి దాటేశాం. ఆమె రికార్డులో పిల్లలు లేరు కాబట్టి ఒకటి అని వేయబోయాను.

“రెండోవోడు,” అంది చిలకమ్మ.

రెండు అని వేశాను. పలక ముందుకు వెళ్లలేదు. మొదటి సంతానం వివరాలు లేవు, నమోదు చేయండి అంది. ఆ పసివాడు పుట్టిన నెలలో యంత్రం చెడిపోయి ఉంది, పేర్లు ఎక్కించలేదు. ఆ తర్వాత తాళం పడింది. పిల్లవాడు ఏ రికార్డులోనూ లేడు.

ఒకటి అని మార్చమంటారా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

పేరు అడిగాను. గౌరీసు అని చెప్పింది. పుట్టిన తేదీ తడుముకోకుండా చెప్పింది. మరణించిన తేదీ గడి వచ్చింది. ఆమె తెర వైపే చూస్తూ నిలబడింది. బంగారమ్మ ఏదో లెక్క వేయబోయి ఆగిపోయింది.

వెనుక నుంచి గవరయ్య చెప్పాడు. “ఆశ్వయుజం. బహుళ చవితి. పొద్దుగాల, ఎండ రాకముందు.”

చిలకమ్మ వెనక్కి తిరిగి ఆయనను చూసింది. పదకొండేళ్లలో ఆమె ఆయన ముఖం చూడడం అదే మొదటిసారని బంగారమ్మ తర్వాత నాతో అంది. ఆయన తల దించుకోలేదు. ఆ చూపు చాలాసేపు సాగలేదు. ఆమె మళ్లీ తెర వైపు తిరిగి, అవునంది.

ఆ తేదీ రాశాను. పలక వెంటనే ఒప్పుకుంది. గౌరీసు, మొదటి సంతానం. గవరయ్య, రెండవ సంతానం. నాలుగు లీటర్లు వదిలింది.

చిలకమ్మ తన పన్నెండు లీటర్లు పట్టుకుని, అందులోంచి రెండు లీటర్లు ఊరి ఉమ్మడి బానలో పోసి వెళ్లింది. గవరయ్య కోసం ఆగలేదు. ఆయన నీళ్ల గది గుమ్మంలోనే కూర్చుని, డబ్బా మూత తీసి, నెమ్మదిగా, మధ్య మధ్య ఆగుతూ తాగాడు.

బంగారమ్మ కళ్లు తుడుచుకుని వరసలో తర్వాతి మనిషిని పిలిచింది.